సూదిమందు ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు

ఒకే కొట్టంలో రెండు ఆవులు జ్వరంతో ఉన్నాయనుకుందాం. రెండూ మేత ముట్టవు, నెమరు వేయవు, చెవులు వేలాడేసి మూలకు నిలబడి ఉంటాయి. రెండింటికీ ఒకే యాంటీబయాటిక్ సూది వేశారు. మూడో రోజుకు ఒకటి తొట్టి దగ్గరకు వచ్చి గడ్డి అందుకుంది. రెండోది ఇంకా నీరసించింది. అప్పుడు యజమానికి కలిగే అనుమానాలు సహజమైనవే. మందు నాసిరకమా? మోతాదు చాలలేదా? ఇంకా పెద్ద మందు వేయాల్సిందా?

చాలాసార్లు ఈ మూడూ నిజం కావు. ఆ రెండు ఆవులకూ వచ్చినవి వేర్వేరు రోగాలు. జ్వరం, మేత మానడం, పాలు తగ్గడం వంటివి ఒంట్లోకి ఏదో చొరబడిందని చెబుతాయే గాని, చొరబడింది ఏమిటో చెప్పవు. అది తెలియకుండా వేసిన సూది తగిలితే తగులుతుంది, లేకపోతే లేదు.

చొరబడేవాటిలో బ్యాక్టీరియా ఒక తెగ, వైరస్‌లు మరో తెగ, నెత్తుటిలోనో పేగుల్లోనో కాపురం పెట్టే ఏకకణ పరాన్నజీవులు ఇంకో తెగ. యాంటీబయాటిక్‌లు ప్రధానంగా మొదటి తెగ కోసం పుట్టిన మందులు. పెన్సిలిన్‌నే తీసుకోండి. బ్యాక్టీరియా తన చుట్టూ కట్టుకునే గోడను అది సరిగా కట్టుకోనివ్వదు. గోడ బలహీనపడిన కణం ఉబ్బి పగిలిపోతుంది. వైరస్‌కు గోడ మాట అటుంచి సొంత కణమే లేదు. పశువు కణంలోనే దూరి, దాని సామగ్రితోనే తన సంతతిని పెంచుకుంటుంది. అక్కడ పెన్సిలిన్‌కు పట్టు దొరకదు. బ్యాక్టీరియాలోనూ గోడ లేని జాతి ఒకటుంది. ఊపిరితిత్తులనూ పొదుగునూ పట్టే మైకోప్లాస్మా అలాంటిది. ఎంత పెన్సిలిన్ పోసినా దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు, దానికి వేరే రకం మందు కావాలి.

గాలికుంటు వ్యాధిని చూస్తే ఈ తేడా బాగా అర్థమవుతుంది. 1898లో జర్మనీ శాస్త్రవేత్తలు ఫ్రీడ్రిక్ లోఫ్లర్, పాల్ ఫ్రోష్ ఈ రోగం వచ్చిన పశువు బొబ్బల్లోని నీటిని, బ్యాక్టీరియాను ఆపేసే సన్నని వడపోత గుండా పంపారు. వడగట్టిన నీరు కూడా రోగం తెచ్చింది. జంతువుల్లో వైరస్ రోగం తెస్తుందని మొదటిసారి తేలింది అలాగే. నేటికీ ఆ వైరస్‌ను పశువు ఒంట్లో చంపే మందు కొట్టం దాకా రాలేదు. మరి గాలికుంటు వచ్చిన పశువుకు యాంటీబయాటిక్ ఎందుకు వేస్తారు? నోట్లో, గిట్టల మధ్య బొబ్బలు పగిలి పచ్చిపుండ్లవుతాయి. ఆ పుండ్లలోకి బ్యాక్టీరియా దిగుతుంది. సూది ఆ రెండో చొరబాటు కోసమే. కాబట్టి అసలు వైద్యం వేరే చోట ఉంది. పుండ్లు కడిగి శుభ్రంగా ఉంచడం, ఈగలు వాలి పురుగు పట్టకుండా చూడడం, నమలగలిగే మెత్తని మేత పెట్టడం, పొడినేల మీద పడుకోనివ్వడం. వైరస్‌తో తేల్చుకునేది ఆ పశువు ఒళ్లే. ఆ పోరు ముగిసేదాకా దాన్ని నిలబెట్టడమే మన పని.

ఈ మాట లేగదూడ పారుడుకు ఇంకా బాగా వర్తిస్తుంది. దూడ పలచగా పేడ వేసిందంటే వెంటనే యాంటీబయాటిక్ మాత్ర మింగించే అలవాటు చాలాచోట్ల ఉంది. పుట్టిన నాలుగైదు రోజుల్లోపు వచ్చే పారుడుకు ఒక రకం ఈకోలై బ్యాక్టీరియా కారణం కావచ్చు. ఆ తరువాతి రోజుల్లో ఎక్కువగా కనిపించేవి రోటావైరస్, కరోనావైరస్, క్రిప్టోస్పోరిడియం అనే ఏకకణ పరాన్నజీవి. ఈ మూడింటి మీదా మామూలు యాంటీబయాటిక్‌ల ప్రభావం ఏమీ ఉండదు. అసలు విషయం ఏమిటంటే, కారణం ఏదైనా సరే, పారే దూడను ముందుగా చంపేది ఒంట్లో నీరు, లవణాలు హరించుకుపోవడం, నెత్తుటిలో ఆమ్లం పెరగడం.

దూడ మెడ మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి లాగి వదలండి. చటుక్కున సర్దుకుంటే సరే. ముడత రెండు క్షణాలకు మించి అలాగే నిలిచిందంటే నీరు బాగా పోయిందని అర్థం. కనుగుడ్డుకూ రెప్పకూ మధ్య సందు కనిపిస్తే పరిస్థితి ఇంకా ముదిరినట్టే. నోట్లో వేలు పెట్టి చూడండి. చప్పరిస్తే ఇంకా తాగించి కాపాడుకోవచ్చు. చప్పరించే శక్తి లేకుండా నోరు చల్లబడితే నరం ద్వారా ద్రవాలు ఎక్కించాల్సిందే, పశువైద్యుడి కోసం పరుగెత్తాల్సిన సమయం అది. 40 కిలోల దూడ తన బరువులో 8 శాతం నీరు కోల్పోయిందంటే మూడు లీటర్లకు పైగా పోయినట్టు. దానికి అర లీటరు ద్రావణం తాగించి ఊరుకుంటే ఏం లాభం? పోయినదాన్ని పూడ్చాలి, ఇంకా పోతున్నదాన్ని కూడా పూడ్చాలి. సోడియం, గ్లూకోజు కలిసిన ద్రావణమే ఎందుకంటే, పారుడులో కూడా పేగు గోడ ఈ రెండింటినీ జంటగా లోపలికి తీసుకోగలదు. వాటి వెంట నీరు వెళుతుంది. పాలు మాన్పించకూడదు. మాన్పిస్తే దూడ పారుడుతో పాటు ఆకలితోనూ పోరాడాలి. పాలు ఒక పూట, ద్రావణం కొన్ని గంటల ఎడంతో మరోసారి ఇస్తే చాలు. పేడలో నెత్తురు, తీవ్ర జ్వరం, మగత వంటివి కనిపించినప్పుడు బ్యాక్టీరియా నెత్తుటిలోకి దిగిందన్న అనుమానంతో వైద్యుడు యాంటీబయాటిక్ రాస్తాడు. అక్కడ అది సరైన మందే.

ఇక పొదుగువాపు. పాడి పశువుల్లో యాంటీబయాటిక్‌లు ఎక్కువగా ఖర్చయ్యేది దీని మీదే. దీన్ని ఒక రోగం అనుకోవడమే మొదటి పొరపాటు. ఒకే పేరు కింద కనీసం మూడు వేర్వేరు కథలు నడుస్తుంటాయి.

స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియాలో ఒక రకం ఉంది. అది పొదుగులోనే బతుకుతుంది, పాలు పితికే చేతుల ద్వారా, తుడిచే గుడ్డ ద్వారా ఒక పశువు నుంచి మరోదానికి పాకుతుంది. చన్నులోకి ఎక్కించే మామూలు పెన్సిలిన్ ట్యూబుతోనే బాగా లొంగుతుంది. పట్టుదలగా ప్రయత్నిస్తే మందనుంచే తుడిచిపెట్టవచ్చు. రెండోది స్టఫైలోకాకస్ ఆరియస్. ఇదీ అలాగే పాకుతుంది గాని, పొదుగు కండలో లోతుగా దిగి తన చుట్టూ గట్టి పీచు పేరుకునేలా చేసుకుంటుంది, పశువు కణాల్లో కూడా దాక్కుంటుంది. ప్రయోగశాలలో గాజు పళ్లెంలో ఆ మందుకు చచ్చిన క్రిమే పొదుగులో చావదు, ఎందుకంటే మందు దాని దాకా చేరదు. తొలిచూలు పశువులో, తొలిరోజుల్లో పట్టుకుంటే ఆశ ఉంటుంది. ముసలి పశువులో, నెలల తరబడి గట్టిపడిన పొదుగులో ట్యూబు మీద ట్యూబు ఎక్కించడం వృథా. ఆ పశువును చివర పితకడమో, ఆ చన్నును ఎండగట్టడమో, మందనుంచి తీసేయడమో తప్ప దారి లేదని ఒప్పుకోవడం కష్టంగానే ఉంటుంది. అయినా ఒప్పుకోవాల్సిందే.

మూడోది పేడలోంచి, తడి నేలలోంచి వచ్చే ఈకోలై. పొద్దున బాగున్న ఆవు సాయంత్రానికి కూలబడుతుంది. పాలు నీళ్లలా, పసుపుపచ్చగా వస్తాయి. ఇందులో చంపేది క్రిమి కన్నా, అది చచ్చేటప్పుడు విడిచే విషం. కాబట్టి నరం ద్వారా ద్రవాలు, వాపు తగ్గించే మందులు, పొదుగును మాటిమాటికీ ఖాళీ చేయడం ఇక్కడ ప్రాణం నిలుపుతాయి.

పొదుగువాపును ముందే పసిగట్టే సాధనం ఖర్చులేనిది. పాలు పితికే ముందు ప్రతి చన్ను నుంచి రెండు మూడు ధారలు నల్లని గిన్నెలోకో నల్లగుడ్డ పరిచిన పాత్రలోకో పిండాలి. నలుపు మీద తెల్లని తునకలు, దారపు పోగుల్లాంటివి, నీటిపొర ఇట్టే తెలుస్తాయి. నేలమీద పిండితే తెలియదు, పైగా అది రోగాన్ని నేలకు అంటించడం. పైకి ఏ మార్పూ కనిపించని పొదుగువాపు ఇంతకన్నా ఎక్కువ. దాన్ని కాలిఫోర్నియా పరీక్ష అనే తేలిక పద్ధతితో పట్టుకోవచ్చు. నాలుగు గుంటల పళ్లెంలో నాలుగు చన్నుల పాలు వేసి, పరీక్ష ద్రావణం కలిపి తిప్పితే, రోగమున్న చన్ను పాలు జిగురులా చిక్కబడతాయి. రోగంతో పోరాడడానికి పొదుగులోకి చేరిన కణాలు పగిలి, వాటి లోపలి పదార్థం బయటపడడం వల్ల వచ్చే చిక్కదనం అది.

పాలు పితికాక చనుమొన రంధ్రం వెంటనే మూసుకోదు. అరగంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ సేపు తెరిచే ఉంటుంది. ఆ అరగంటలో పశువు తడి పేడ మీద పడుకుంటే క్రిములకు తలుపు తీసి పిలిచినట్టే. అందుకే పితికిన వెంటనే చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచి, తొట్టిలో తాజా మేత వేయాలి. తింటూ నిలబడి ఉన్నంతసేపూ ఆ రంధ్రం బిగుసుకుంటూ ఉంటుంది. పొదుగు ఆరోగ్యానికి ఇంతకన్నా చవకైన పని నాకు కనిపించలేదు.

సరైన రోగానికి సరైన మందే ఎంచుకున్నా దారిలో జారిపోయే చోట్లు ఇంకా ఉన్నాయి. బరువును కంటి అంచనాతో తేల్చి తక్కువ మోతాదు వేయడం మొదటిది. ఛాతీ చుట్టుకొలత టేపుతో కొలిస్తే బరువు చాలావరకు తెలుస్తుంది. మేక విషయంలో ఇంకో మెలిక ఉంది. చాలా నట్టల మందులను మేక ఒళ్లు గొర్రె కన్నా వేగంగా అరిగించి పారేస్తుంది. గొర్రె మోతాదే మేకకు వేస్తే నట్టలు చావకపోగా రాటుదేలుతాయి. జ్వరం దిగిందని రెండో రోజే మందు ఆపేయడం మరో పొరపాటు. ఎదిగిన పశువుకు యాంటీబయాటిక్‌ను నోటి ద్వారా ఇవ్వడం ఇంకొకటి. నెమరువేసే పశువు గడ్డిని తన బలంతో అరిగించుకోదు, మొదటి పొట్టలోని కోటానుకోట్ల సూక్ష్మజీవులు అరిగించి పెడతాయి. నోట్లో పోసిన మందు ముందు వాటినే చంపుతుంది. మందు వాడిన తరువాత చీటీ మీద రాసినన్ని రోజులు పాలు, మాంసం వాడకూడదన్న నియమం కూడా ఉత్త లాంఛనం కాదు. ఆ పాలలో మిగిలిన మందు పెరుగు తోడుకోనివ్వదు, తాగేవారిలో కొందరికి తీవ్రమైన అలర్జీ తెస్తుంది.

పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో తన నోబెల్ ప్రసంగంలోనే, చాలీచాలని మోతాదుతో క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయని హెచ్చరించారు. ఆ తరువాత కొద్దేళ్లకే కోళ్లకు, పందులకు కొద్దికొద్దిగా యాంటీబయాటిక్ కలిపిన దాణా పెడితే త్వరగా బరువు పెరుగుతాయని తెలిసి, రోగం లేకపోయినా రోజూ మేపడం మొదలైంది. క్రిములకు శిక్షణ ఇవ్వడానికి ఇంతకు మించిన పద్ధతి లేదు. 1986లో స్వీడన్ ఆ వాడకాన్ని నిషేధించింది. మొదట్లో తల్లిపాలు మాన్పించిన పంది పిల్లల్లో పారుడు పెరిగింది. అప్పుడు పాకల వెచ్చదనం, పాలు మాన్పించే వయసు, దాణా కూర్పు మార్చుకున్నారు. అన్నాళ్లూ మందు కప్పిపుచ్చింది పాకలోని లోపాలనే అని అర్థమైంది. 2006లో ఐరోపా సమాఖ్య మొత్తం ఇదే బాట పట్టింది. 2022 నుంచి రోగం లేని మందకు అలవాటుగా యాంటీబయాటిక్ వేయడాన్ని కూడా అక్కడ నిషేధించారు. 2015లో చైనాలో పందుల నుంచి, మాంసం నుంచి, ఆసుపత్రి రోగుల నుంచి సేకరించిన క్రిముల్లో కొలిస్టిన్ అనే మందును ఓడించే జన్యువు దొరికింది. మనుషుల్లో ఇతర మందులన్నీ విఫలమైనప్పుడు వాడే మందు అది. ఆ జన్యువు ఒక క్రిమి నుంచి మరో జాతి క్రిమికి దూకగలదు. కొట్టానికీ ఆసుపత్రికీ మధ్య గోడ ఉందని అనుకోవడానికి ఇక వీల్లేదు.

ఇదంతా రోగం వచ్చాక చేసే పోరాటం. రాకముందు పని దూడ పుట్టిన గంటలోనే మొదలవుతుంది. ఆవు, గేదె, గొర్రె, మేక జాతుల్లో రోగక్రిములతో పోరాడే తల్లి యాంటీబాడీలు మాయను దాటి బిడ్డకు చేరవు. దూడ దాదాపు నిరాయుధంగా పుడుతుంది. దాని ఆయుధాలన్నీ ముర్రుపాలలో ఉన్నాయి. ఆ యాంటీబాడీలను అరగకుండా నేరుగా నెత్తుటిలోకి పంపే గుణం దూడ పేగుకు పుట్టిన మొదటి గంటల్లోనే ఎక్కువగా ఉంటుంది, గంటగంటకూ తగ్గిపోయి ఒక రోజు నిండేసరికి ముగిసిపోతుంది. అందుకే దూడ బరువులో పదో వంతు, అంటే 40 కిలోల దూడకు నాలుగు లీటర్లు, తొలి ఆరు గంటల్లోపే పట్టాలి. మాయ పడేదాకా పాలు పితకకూడదన్న నమ్మకంతో ఆ గంటలు జారవిడిచే వారిని చూస్తే బాధ కలుగుతుంది. పోయిన ఆ గంటలను ఏ మందూ తిరిగి తేలేదు. పాత్ర మురికిగా ఉంటే యాంటీబాడీలు వెళ్లే అదే దారిన క్రిములు కూడా లోపలికి వెళతాయి. బొడ్డును అయోడిన్‌లో ముంచడం మరవకూడదు. కీళ్లు వాచి కుంటే లేగదూడల్లో చాలావాటికి రోగం లోపలికి వెళ్లింది ఆ పచ్చిబొడ్డు దారినే.

టీకా గురించి ఉన్న పెద్ద అపోహ, వేసిన నాడే కాపలా మొదలవుతుందన్నది. నిజానికి రెండు మూడు వారాలు పడుతుంది. రోగం అప్పటికే ఒంట్లో దాగి ఉండగా టీకా వేస్తే, వారంలో రోగం బయటపడి నింద టీకా మీద పడుతుంది. లేగదూడకు మరీ తొందరగా వేసినా లాభం లేదు. ముర్రుపాల ద్వారా వచ్చిన తల్లి యాంటీబాడీలే ఆ టీకాను అడ్డుకుంటాయి. గాలికుంటు టీకా దూడకు నాలుగో నెల దరిదాపుల్లో మొదలుపెట్టి, నెల తరువాత బలపరిచే మోతాదు వేసి, ఆపైన ఆరు నెలలకోసారి వేయడం వెనుక ఉన్న లెక్క ఇదే. టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచమంటారు. వేడికి చెడుతుందని అందరికీ తెలుసు. గడ్డకట్టినా చెడిపోయే టీకాలు చాలా ఉన్నాయని మాత్రం చాలామందికి తెలియదు. ఐస్‌కు ఆనుకుని గడ్డకట్టి కరిగిన సీసా చూడటానికి మంచిదానిలాగే ఉండవచ్చు. ఆంత్రాక్స్ టీకా లాంటివి బతికున్న బ్యాక్టీరియాతో చేసినవి. వాటిని వేసిన రోజుల్లో యాంటీబయాటిక్ ఇస్తే టీకానే చంపుకున్నట్టు.

1881 మే నెలలో లూయీ పాశ్చర్ ఫ్రాన్స్‌లోని పుయీ-ల-ఫోర్ అనే ఊళ్లో అందరి ముందూ కొన్ని గొర్రెలకు ఆంత్రాక్స్ టీకా వేసి, అన్నే గొర్రెలను టీకా లేకుండా ఉంచి, తరువాత అన్నింటికీ రోగక్రిములు ఎక్కించారు. టీకా లేని గొర్రెలు చనిపోయాయి. అక్కడ మొదలైన దారి చివర 2011లో పశువుల మహమ్మారి అయిన రిండర్‌పెస్ట్ భూమి మీద నుంచే తుడిచిపెట్టుకుపోయిందని ప్రకటించారు. మశూచి తరువాత మనిషి నిర్మూలించిన రోగం అదొక్కటే. గాలికుంటును అలా ఎందుకు తరిమేయలేకపోతున్నాం? రిండర్‌పెస్ట్ వైరస్‌లో టీకా దృష్ట్యా ఒకే రకం ఉంది, ఒకసారి టీకా వేస్తే ఏళ్ల తరబడి రక్షణ నిలిచేది, కోలుకున్న పశువు వైరస్‌ను మోసుకు తిరిగేది కాదు. గాలికుంటులో ఏడు రకాలున్నాయి, ఒకదాని టీకా మరోదానికి పనికిరాదు, రక్షణ నెలల్లోనే తగ్గుతుంది, కోలుకున్న పశువు గొంతులో వైరస్ చాలాకాలం దాక్కోగలదు.

కొత్తగా కొన్న పశువును మందలో కలపకుండా మూడు నాలుగు వారాలు విడిగా కట్టేయాలి. ఆరోగ్యంగా ఉన్నవాటి పని ముందు, రోగమున్నవాటి పని చివర. క్రిమిసంహారిణి పేడ మీద చల్లితే పేడే దాన్ని తాగేస్తుంది, ముందు గీకి కడిగి, ఆ తరువాత చల్లాలి. గాలికుంటు వైరస్‌కు నాలుగు శాతం చాకలిసోడా ద్రావణం చాలు. క్రిప్టోస్పోరిడియం గుడ్లను మామూలు మందులు ఏమీ చేయలేవు, నేల బాగా ఎండితే మాత్రం చస్తాయి. ఈసుకుపోయిన పిండాన్నీ, మాయనూ ఉత్తచేతులతో ముట్టుకోకూడదు. ఈసుకుపోవడానికి కారణం బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా అయితే అది మనిషికీ అంటుతుంది. హఠాత్తుగా చచ్చి, ముక్కు నుంచో వెనుక నుంచో గడ్డకట్టని నల్లని నెత్తురు కారుతున్న పశువును కోసి చూడటం అసలే వద్దు. అది ఆంత్రాక్స్ కావచ్చు. ఆ క్రిమి గాలి తగిలితే గట్టి పెంకు కట్టుకుని ఆ నేలలో దశాబ్దాల పాటు బతుకుతుంది.

మొదట చెప్పిన రెండో ఆవు దగ్గరకు వస్తే, సూది వేసే ముందు చేయగలిగిన పనులు రెండు మూడు ఉండేవి. థర్మామీటర్ పెట్టి చూడటం ఒకటి. ఆవుకు 38.5 డిగ్రీల సెల్సియస్, అంటే 101.3 ఫారెన్‌హీట్ దరిదాపులు మామూలు వేడి. పొదుగు అనుమానం ఉంటే మందుకు ముందే పాల నమూనా శుభ్రమైన సీసాలో పట్టి ఉంచడం మరొకటి. మందు పడ్డాక తీస్తే ప్రయోగశాలలో క్రిమి మొలవకపోవచ్చు. మూడోది ఒళ్లంతా తడిమి, తోక కింద, చెవుల లోపల, పొదుగు మడతల్లో పిడుదులు ఉన్నాయేమో వెతకడం. ఆ ఆవుకు చెవి నిండా పిడుదులున్నాయి. మూత్రం కాఫీ రంగులో పోస్తోంది, కొట్టంలో చీకటి వల్ల ఎవరూ గమనించలేదు. చెవి నరం నుంచి ఒక్క చుక్క నెత్తురు గాజు పలక మీద పూసి, రంగు అద్ది సూక్ష్మదర్శినిలో చూస్తే ఎర్ర రక్తకణాల లోపల నీటిబొట్టు ఆకారంలో జంటలు జంటలుగా బబీసియా పరాన్నజీవులు కనిపిస్తాయి. పిడుదులు మోసుకొచ్చే ఆ రోగానికి డైమినజీన్ అనే వేరే మందు ఉంది. వేళకు వేస్తే ఆ ఆవు కూడా మొదటిదానిలాగే తొట్టి దగ్గరకు వచ్చి ఉండేది.